ర్యాప్ ఆపేసి మ్యూజిక్ ప్రొడక్షన్‌లోకి వచ్చా: గుంటూరులో నా అనుభవం

"అన్నా ర్యాప్ ఎందుకు ఆపేశావ్, బీట్లు చేస్తే నిజంగా డబ్బులొస్తాయా, సెటప్‌కి ఎంతయింది" అని వారానికి ఒక్కడైనా మెసేజ్ పెడతాడు. ఒక్కొక్కడికి వాయిస్ మెసేజ్ పంపే ఓపిక లేక మొదటి నుంచి వరసగా రాసేస్తున్నా. ముందే చెప్తున్నా, ఇది మోటివేషన్ స్టోరీ కాదు, ఇందులో ఎక్కువ భాగం ఎదురుచూడటం, కరెంటు పోవడం, ఫోన్ ఎత్తని మనుషులే.

2019లో ర్యాప్ మీద హిందీలో ఒక సినిమా వచ్చి హిట్టయ్యాక మా బ్రాడీపేట బ్యాచ్‌లో ప్రతివోడూ ర్యాపరే. నేను అంతకు కొంచెం ముందు నుంచే రాస్తున్నా కాబట్టి కాస్త పేరుండేది. ఏంది, ఎట్టా, అట్టా అని మన గుంటూరు యాసలో పంచ్ పడితే ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్టుల్లో కుర్రాళ్ళు ఈలలతో చంపేసేవాళ్ళు. షోకి మూడు నుంచి ఐదు వేలు, భోజనం వాళ్ళది, పెట్రోల్ మనది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి ఫెస్టులన్నీ ఆగిపోయినయ్, ఇంట్లో దుప్పటి కప్పుకుని ఫోన్లో రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెట్టుకుంటా కూర్చున్నాం. పాట నాదే గానీ బీటు, అంటే గొంతు కింద మోగే మ్యూజిక్, అది మాత్రం నాది కాదు. నెట్‌లో ఫారిన్ వాళ్ళు అమ్మే బీట్లు లీజుకి తీసుకునేవాళ్ళం, ముప్పై డాలర్లు, మన డబ్బుల్లో రెండు వేల పైచిలుకు.

ఆ లీజు కాగితం మా బ్యాచ్‌లో ఎవరం చదివిన పాపాన పోలేదు. అదే బీటు ఎంతమందికైనా అమ్ముకోవచ్చు, ఇన్ని స్ట్రీమ్స్ దాకానే అని లిమిట్ ఉంటుంది, దాటితే మళ్ళీ కట్టాలి. 2021 నవంబర్లో నా పాటల్లో బాగా ఆడిన దాని మీద కాపీరైట్ క్లెయిమ్ పడింది. అదే బీటు మీద ఏ దేశంలోనో ఎవరో పాడుకుని కంటెంట్ ఐడీలో, అంటే ఒకే సౌండ్ ఉన్న వీడియోల్ని పట్టుకునే యూట్యూబ్ సిస్టమ్‌లో పెట్టుకున్నారు, మెషీన్‌కి రెండు పాటలూ ఒకటే అనిపించినయ్, యాడ్ డబ్బులు అటు పోయినయ్. డిస్ప్యూట్ వేశా. అవతలి వాళ్ళకి జవాబివ్వడానికి 30 రోజులు టైమ్ ఉంటుంది, వాళ్ళు ఆ టైమ్ మొత్తం నాన్చి చివర్లో రిజెక్ట్ కొట్టారు, నేను మళ్ళీ అప్పీల్ పెట్టా, సంక్రాంతి దగ్గర పడ్డాక గానీ వదల్లేదు. రాత నాది, గొంతు నాది, యాస నాది, కింద మోగేది మాత్రం ఎవడిదో. అద్దె కొంపకి సొంత డబ్బులతో రంగులేయించినట్టు ఉంది యవ్వారం. ఆ కోపంతోనే నా బీటు నేనే చేసుకుంటా అని మొదలెట్టా, అంతేగానీ మ్యూజిక్ ప్రొడ్యూసర్ అయిపోవాలని పెద్ద ప్లానేం లేదు.

2022 ఫిబ్రవరి. పగలు మిర్చి యార్డులో కమిషన్ షాపులో లెక్కలు రాసే పని, రాత్రిళ్ళు లాప్‌టాప్. ఫిబ్రవరి నుంచి మే దాకా సీజన్, టిక్కీలు (మిర్చి బస్తాలు) వస్తానే ఉంటాయ్, తల ఎత్తే పని ఉండదు. ఇంటికొచ్చి సరిగ్గా చేతులు కడుక్కోకుండా కళ్ళు నులుముకున్నామా ఇక ఆ రాత్రికి మ్యూజిక్ లేనట్టే. బీట్లు చేసే సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్ ఫ్రీ అని దించుకున్నా. అందులో అన్నీ పనిచేస్తాయ్, ఇన్ని రోజులే అని గడువు కూడా లేదు, సేవ్ కూడా అవుతుంది, కాకపోతే సేవ్ చేసిన ప్రాజెక్టు మళ్ళీ ఓపెన్ అవ్వదు, కొన్నాకే ఓపెన్ అవుతుంది. అందుకని ఒక బీటు మొదలెడితే పూర్తయ్యేదాకా లాప్‌టాప్ ఆపకూడదు. నాదేమో 42 వేలకి కొన్న సెకండ్ హ్యాండ్ సరుకు, బ్యాటరీ పది నిమిషాలు ఆగదు. పైగా ఆ ఏప్రిల్లో రాష్ట్రమంతా కరెంటు కోతలు, ఫ్యాక్టరీలకే పవర్ హాలిడే ఇచ్చారు, మా వీధిని ఎవడు పట్టించుకుంటాడు. అర్ధరాత్రి బేస్ లైన్ కుదిరి ఒళ్ళు పులకరించే టైముకి ఫ్యాన్ ఆగేది. చీకట్లో కాసేపు కూర్చుని, నోటితో ఆ ట్యూన్ కూనిరాగం తీసి ఫోన్లో రికార్డ్ చేసి పెట్టుకునేవాడిని, పొద్దున వింటే దోమల మోత తప్ప ఏం ఉండేది కాదు.

కొనేటప్పుడు ఇంకోటి చూసుకోండి. ఎఫ్ఎల్ స్టూడియోలో తక్కువ రేటుది ఫ్రూటీ ఎడిషన్, దాంట్లో గొంతు రికార్డ్ చేసుకోవడానికి ఉండదు. పాడేవాళ్ళతో పని ఉన్నోడు ప్రొడ్యూసర్ ఎడిషన్ తీసుకోవాల్సిందే. నాకు పదిహేను వేల పైన పడింది, ఒకసారి కొంటే తర్వాత వచ్చే అప్‌డేట్లన్నీ ఫ్రీ, నేను పెట్టిన ఖర్చుల్లో ఏడుపు రానిది ఇదొక్కటే. ఫోకస్‌రైట్ స్కార్లెట్ ఇంటర్‌ఫేస్ (మైకుని లాప్‌టాప్‌కి కలిపే డబ్బా), ఆడియో టెక్నికా మైకు, హెడ్‌ఫోన్స్, చిన్న మిడీ కీబోర్డు (లాప్‌టాప్‌లో సౌండ్లు వాయించే కీబోర్డు), ఒక యూపీఎస్, ఇవన్నీ కలిపి ఇంకో నలభై వేల దాకా. యూపీఎస్ అన్నిటికన్నా ముందు కొనాల్సింది. యమహా స్పీకర్లు తర్వాత సంవత్సరం గానీ కొనలేకపోయా.

మొదటి ఆరు నెలలు చేసినవి వింటే ఇప్పుడు నవ్వొస్తుంది. ర్యాపర్‌కి పాటలో వాడి గొంతే వినపడుద్ది, మిగతాది అంతా వెనకాల ఏదో మోగుతా ఉంటుంది. నేను ఉన్న సౌండ్లన్నీ కుక్కేసేవాడిని. మా బ్యాచ్ వాడికి వినిపిస్తే వాడు రెండు సార్లు విని "మావా బానే ఉంది గానీ ఇందులో నేను యాడ పాడాల్రా" అన్నాడు. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నా, బీటు సగం అయ్యాక నేనే మైకు ముందు నిలబడి నోటికొచ్చింది ర్యాప్ చేసేవాడిని, గొంతుకి ఏది అడ్డం వస్తే అది తీసేయడం. మాట స్పష్టంగా వినపడటానికి పనికొచ్చే మధ్య ఫ్రీక్వెన్సీల్లో సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు సౌండ్) తగ్గించడం, ర్యాపర్ ఊపిరి పీల్చుకునే చోట డ్రమ్ ఫిల్ (చిన్న డ్రమ్ ముక్క) పెట్టడం, పంచ్ లైన్ ముందు అరక్షణం అంతా ఆపేయడం. ఇవి ఏ వీడియో చూసి నేర్చుకున్నవి కాదు, స్టేజీ మీద ఊపిరి అందక చచ్చిన రోజుల్లోంచి వచ్చినవే. ర్యాప్ నుంచి వచ్చినోడికి ఉండే లాభం ఏదన్నా ఉందంటే నా దృష్టిలో ఇదే.

2022 ఆగస్టులో మొదటి బీటు అమ్మా, విజయవాడ కుర్రాడికి, 1,500 రూపాయలు. రెండు నెలల తర్వాత వాడు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఈవెంట్‌లో అదే పాట పాడుతుంటే వెళ్ళా. కుర్రాళ్ళు గోల గోల చేస్తున్నారు, నేను వెనకాల సౌండ్ మిక్సర్ పక్కన నిలబడ్డా. 808, అంటే గుండె అదిరే లోతు బేస్ దెబ్బ, పడిన చోట జనం మొత్తం ఒక్కసారి కిందకి వంగి లేచారు, ఆ దెబ్బ నేను పెట్టిందే. ఆనందంగా ఉంది, లోపల కుళ్ళుగా కూడా ఉంది, అబద్ధమెందుకు. సౌండ్ ఆపరేటర్ నన్ను "కొంచెం పక్కకి జరుగు బ్రదర్, వైర్లు ఉన్నయ్" అన్నాడు. స్టేజీ దిగినోళ్ళు ఎవరైనా సరే ఇది తట్టుకోవడానికి టైమ్ పడుద్ది, నాకు ఏడాది పైనే పట్టింది. మా అమ్మ అయితే ఇప్పటికీ నేను చేసిన పాట వినిపిస్తే చివరిదాకా విని "నీ గొంతు ఎప్పుడొస్తది రా" అంటది.

2023 జూన్‌లో యార్డు పని మానేసి రూము తీసుకున్నా, శంకర్ విలాస్ సెంటర్‌కి దగ్గర్లో మేడ మీద ఒకే గది, నెలకి 4,500. అంత తక్కువకి ఎందుకొచ్చిందో రాత్రి పడుకుంటే తెలిసింది, రైలు పట్టాలు దగ్గర. గోడకి స్పాంజి ముక్కలు, కోడిగుడ్ల అట్టలు అంటిస్తే బయట సౌండ్ ఆగుద్దని చెప్పేవాళ్ళని నమ్మకండి, గదిలో చప్పట్లు కొడితే వచ్చే గింగురుమనే మోత కాస్త తగ్గుద్దేమో గానీ గూడ్సు బండి గుడగుడ ఆగదు. విజయవాడలో ఇన్సులేషన్ సామాన్లు అమ్మే షాపులో రాక్‌వూల్ (రాతి పీచు) స్లాబులు కొనుక్కొచ్చి, కార్పెంటర్‌తో చెక్క ఫ్రేములు కొట్టించి, పైన గుడ్డ బిగించా. మొత్తం పద్దెనిమిది వేలయింది. చేతులకి గ్లవుజులు, ముక్కుకి మాస్కు లేకుండా ముట్టుకుంటే రెండు రోజులు గోక్కుంటానే ఉంటారు. ఇంత చేసినా రైలు ఆగలేదు, కాకపోతే గొంతు ట్రాకుల్లో 80 హెర్ట్జ్ కింద ఉన్న లోతు సౌండ్ కోసేస్తే ఆ గుడగుడ చాలావరకు పోతుంది. హారన్ కొడితే మాత్రం టేక్ మళ్ళీ తీసుకోవాల్సిందే. ఇంకో తలనొప్పి ఏసీ. వేస్తే సౌండ్ వస్తుంది, ఆపితే మే నెలలో సింగర్ చెమట మైకు స్టాండ్ మీద కారుద్ది. టేక్ అప్పుడు ఆపి, తప్పు పోగానే వేసి, అట్టా నడిపిస్తున్నాం.

నా దశ తిప్పింది ర్యాప్ పాట కాదు, జానపదం. 2023 అక్టోబర్లో ఒక యూట్యూబ్ ఛానల్ ఆయన పాట పట్టుకొచ్చి "తమ్ముడూ, లూపులు వద్దు, నిజం డప్పు కావాలి, కింద నీ బేస్ ఉండాలి" అన్నాడు. లూపులంటే ముందే రికార్డ్ చేసి ఉన్న సౌండ్ ముక్కలు. తెనాలి వైపు నుంచి డప్పు కొట్టే బాబాయ్ ఒకాయన వచ్చాడు. వచ్చీ రాగానే "అబ్బాయ్, పాత పేపర్లు ఉన్నయ్యా" అన్నాడు. సందులో కుప్ప వేసి మంట పెట్టి, డప్పుని దాని మీద తిప్పుతా తిప్పుతా మధ్య మధ్యలో వేలితో తట్టి వింటన్నాడు, ఒక చోట ఆగి "ఆ, ఇప్పుడు పలికింది" అని పైకొచ్చాడు. ఓనర్ ఆంటీ కిందనుంచి ఏంటా పొగ అని అరుస్తానే ఉంది. మొదటి టేక్ అదిరిపోయింది. రెండోది పర్లేదు. మూడో దానికి వచ్చేసరికి డప్పు దిగిపోయింది, స్క్రీన్ మీద చూస్తే మొదటి టేక్‌కీ దీనికీ పిచ్ తేడా కనపడుతోంది. ఏసీ చల్లదనానికి తోలు వదులైపోతోంది. ఏసీ ఆపేసి, రెండు టేకులకి ఒకసారి బాబాయ్ కిందకెళ్ళి మళ్ళీ కాచుకొచ్చేవాడు, మధ్యాహ్నం మొదలెట్టింది రాత్రి భోజనాల వేళకి అయింది. మైకు దగ్గరగా పెడితే దెబ్బ పగిలిపోతోంది, ఆరడుగులు వెనక్కి జరిపాక బాగా వచ్చింది. ఆయనకి రెండు వేలు మాట్లాడుకున్నాం, నేను మూడిచ్చా, ఆ పొగకి ఓనర్ ఆంటీతో తిట్లు కూడా ఆయనే తిన్నాడు కదా.

ఆ డప్పు కింద 808 పెట్టడం ఇంకో కథ. 808 అనేది 1980లో వచ్చిన రోలండ్ డ్రమ్ మెషీన్, అప్పట్లో పెద్దగా ఆడక 1983కల్లా తయారీ ఆపేశారు, ఇప్పుడు దాని బేస్ లేకుండా మన ఊరి డీజే పాట కూడా లేదు. హెడ్‌ఫోన్స్‌లో ఇల్లు అదిరేట్టు ఉన్న బేస్ ఫోన్ స్పీకర్లో అసలు వినపడలేదు, ఎందుకంటే 50 హెర్ట్జ్ సౌండ్ ఆ చిన్న స్పీకర్లోంచి రాదు. దానికి కాస్త డిస్టార్షన్ కలిపితే పై ఫ్రీక్వెన్సీలు పుట్టి, ఫోన్లో కూడా బేస్ ఉన్నట్టు చెవికి తోస్తుంది. అప్పటి నుంచి ఏ మిక్స్ అయినా ఫోన్లో, ఫ్రెండ్ కారులో, మా సందు చివర ఆటో స్టాండులో ఒక అన్న ఆటోలో వినకుండా పంపను. ఆటో అన్న "గొంతు లోపలికెళ్ళింది" అంటే నిజంగానే వెళ్ళుంటది.

పాట 2024 సంక్రాంతికి రిలీజయింది, ఎండాకాలానికి కోటి వ్యూస్ దాటింది. నాకు వచ్చింది ముందు మాట్లాడుకున్న 15 వేలు. ఛానల్ ఆయన మాట ప్రకారమే ఇచ్చాడు, ఆయన్ని అనడానికేం లేదు.

ఆ పాట విని ఎలక్షన్ వాళ్ళు వచ్చారు. 2024 మార్చి 16న కోడ్ వచ్చింది, మే 13న పోలింగ్, ఆ రెండు నెలలు నేను సంపాదించింది అంతకు ముందు రెండేళ్ళలో సంపాదించలేదు. రాత్రి పదింటికి వచ్చి పొద్దున ప్రచార రథానికి పాట కావాలంటారు. ప్రతివోడూ ఫలానా హిట్టు పాట ట్యూనులో మా అన్న పేరు పెట్టి కొట్టు అంటాడు, నేను ఆ పని చెయ్యనని చెప్పేసేవాడిని, క్లెయిమ్ బాధ ఏంటో నాకు తెలుసు కాబట్టి. సొంత ట్యూను అయితే పాతిక వేలు, అందులో రాసినోడికి, పాడినోడికి పోను నాకు సగం మిగిలేది. టీవీలో, సోషల్ మీడియాలో యాడ్‌గా వెయ్యాలంటే ముందు ఎలక్షన్ వాళ్ళ మీడియా సర్టిఫికేషన్ కమిటీ ఓకే చెప్పాలి, అక్కడ ఒక మాట తీసెయ్యమంటే రాత్రికి రాత్రి మళ్ళీ పాడించాలి. ఒకే నియోజకవర్గంలో ఇద్దరు అభ్యర్థులకీ నేనే చేశా, ఒకళ్ళ మనుషులు మెట్లు ఎక్కుతుంటే ఇంకొకళ్ళ వాళ్ళు దిగుతున్నారు, నేను స్క్రీన్ మీద ప్రాజెక్టు పేరు మార్చి కూర్చున్నా.

జూన్ 4న రిజల్ట్స్. బాకీ ఉన్నవాళ్ళలో గెలిచినోళ్ళు బిజీ, ఓడినోళ్ళు స్విచ్ఛాఫ్. మే మొదటి వారం నుంచి మాత్రం పాట మధ్యలో ప్రతి ఇరవై సెకన్లకీ "డెమో" అని నా గొంతు పెట్టి పంపడం మొదలెట్టా, డబ్బు పడ్డాకే క్లీన్ ఫైల్. అట్టా చేసినోళ్ళందరి దగ్గరా పూర్తిగా వచ్చింది. (ఆ డెమో ఫైళ్ళు మా అమ్మకి వినిపించాల్సింది.)

సెప్టెంబర్ 7న వినాయక చవితి, విజయవాడ కమిటీల వాళ్ళవి డీజే పాటలు ఒప్పుకున్నా. ఆగస్టు ఆఖర్లో వాన మొదలై సెప్టెంబర్ 1కి బుడమేరు వాగు విజయవాడ సింగ్ నగర్ మీద పడింది. నా దగ్గర పాడే కుర్రాడి ఇల్లు అక్కడే, వాళ్ళు మేడ మీదకెక్కి బతికారు, కింద గదిలో వాడి లాప్‌టాప్, మా పాటల గొంతు ట్రాకులున్న హార్డ్ డిస్క్ నీళ్ళలో పోయినయ్. ఆ నెల ఆర్డర్లన్నీ క్యాన్సిల్, తీసుకున్న అడ్వాన్సులు ఎవరూ అడగలేదు, నేనే తిరిగి ఇచ్చేశా. ఇప్పుడు ప్రతి ప్రాజెక్టు రెండు డిస్కుల్లో, పైన క్లౌడ్‌లో. క్లౌడ్‌కి నెల నెలా కట్టడం మొదట్లో దండగనిపించింది.

2025 మొదట్లో హైదరాబాద్ నుంచి పిలుపొచ్చింది, ఒక సినిమాకి రెండు పాటల ప్రోగ్రామింగ్, అంటే వేరేవాళ్ళ ట్యూనుకి కంప్యూటర్లో బీట్లు, వాయిద్యాలు కట్టే పని. గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో పోవడం, కృష్ణానగర్లో ఫ్రెండ్ రూములో పడుకోవడం, ఫోన్ కోసం చూడటం. రెండు రోజుల పని అన్నది ఆరు వారాలు నడిచింది. ఒక పాట పల్లవి ట్యూను నాదే, కానీ రిలీజయ్యాక చూస్తే ప్రోగ్రామర్ల పేర్లలో చివరన ఉన్నా. గొడవ పెట్టుకోలేదు, కాకపోతే రెండో సినిమాకి అగ్రిమెంట్ పంపినప్పుడు సంతకం పెట్టకుండా గుంటూరు కోర్టులో ప్రాక్టీస్ చేసే మా ఫ్రెండ్‌కి చూపించా. అందులో అన్ని హక్కులూ ఒకేసారి ఇచ్చేస్తున్నట్టు ఉంది. వాడు చెప్పింది ఏంటంటే, 2012లో కాపీరైట్ చట్టం మార్చారు, రాసినోడికి, ట్యూన్ కట్టినోడికి వచ్చే రాయల్టీ వాటా రాయించుకున్నా చెల్లదు, వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ ఇవ్వడం కుదరదు. అయితే అది కంపోజర్‌కి. ఉత్త ప్రోగ్రామింగ్ చేసినోడికి అందులో ఏం ఉండదు. అందుకని అగ్రిమెంట్లో ట్యూన్ నాదైన పాటకి కంపోజర్‌గా నా పేరు రాయించా, దానికి వాళ్ళు రేటు కొంచెం తగ్గించారు, సరే అన్నా. ఇట్టా ఒక్క లైను మార్పించడానికి మూడు వారాలు తిరిగింది ఆ మెయిల్.

తర్వాత ఐపీఆర్ఎస్‌లో, అంటే రాసినోళ్ళకీ ట్యూన్ కట్టినోళ్ళకీ రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీలో, మెంబర్‌షిప్‌కి పెట్టుకున్నా, అంతా ఆన్‌లైనే. పాన్, ఆధార్, క్యాన్సిల్ చేసిన చెక్కు, రిలీజైన పాటల వివరాలు అడిగారు. ఆధార్లో ఇంటిపేరు పూర్తిగా, పాన్‌లో పొట్టిగా ఉండేసరికి అక్కడ ఆగింది, పాన్ సరిచేయించుకుని మళ్ళీ పంపా, వారాలు పట్టింది. మెంబర్ అయితే సరిపోదు, ఏ పాటలో ట్యూన్ నాది, రాత ఎవరిది అని పాట పాటకీ నమోదు చెయ్యాలి. మొదటిసారి అకౌంట్లో పడింది చూసి నవ్వుకున్నా, ఒక బిర్యానీ పార్టీకి సరిపోయింది, కానీ పడుకుని లేచేసరికి వచ్చిన డబ్బు అది, అంతకు ముందు నా జీవితంలో అట్టా రాలేదు.

ఇప్పుడు నెలకి నాలుగైదు పాటలు చేస్తున్నా, జానపదం ముప్పై వేల నుంచి, ఛానల్ వాళ్ళయితే రేటు తగ్గించి యూట్యూబ్ ఆదాయంలో వాటా రాయించుకుంటున్నా. ర్యాప్ కుర్రాళ్ళకి మాత్రం తక్కువకే చేస్తా, వాళ్ళ దగ్గర ఉండవు, నాకు తెలుసు. సగం అడ్వాన్స్ పడకుండా ప్రాజెక్ట్ ఓపెన్ చెయ్యను, సొంత బామ్మర్దైనా సరే. సినిమా వాళ్ళు పేమెంట్‌లో పది శాతం టీడీఎస్ (ముందే కోసి గవర్నమెంటుకి కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్) పట్టుకుంటారు, అది రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, అయితే వాళ్ళు నిజంగా కట్టారో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ 26ఏఎస్ స్టేట్‌మెంట్‌లో చూసుకోవాలి. నాది ఒకటి ఇంకా అందులో కనపడట్లా. ఆ కంపెనీ అకౌంటెంట్‌కి మొన్న సోమవారం మళ్ళీ మెసేజ్ పెట్టా, "చూస్తాం సార్" అన్నాడు, సార్ అన్నాడంటే ఇంకో నెల పడుద్దని లెక్క.